కారు వెనక నలుపు

మంగళవారం సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు చిరంజీవి వాగులో కారు నిలిపి వెనక అద్దం మీద బకెట్‌తో నీళ్లు కొడుతున్నాడు. అది పాత సుమో. గూడెంలో దాన్ని జీపు అంటారు. చర్ల స్టాండులో బండి అంటారు. క్రాస్‌రోడ్డు దగ్గరి పోలీసు క్యాంపులో వెహికల్ అంటారు. కారు అనేది చిరంజీవి ఒక్కడే. ఎవరైనా జీపు అంటే ఆగి మరీ సరిదిద్దుతాడు.

ఒడ్డున బండ మీద అతని అమ్మమ్మ ముత్తక్క ఇప్పగింజలు పగలగొడుతోంది. తల ఎత్తకుండానే అంది:

“బస్సు లక్ష్మీనగరంల ఆగింది. ఎవలో బస్తాలు దించుతున్నట్టున్నరు. డ్రైవరు బ్రేకు మీదకెల్లి కాలు తీస్తలేడు.”

నీళ్లకొచ్చిన కళావతి ఆ మాట విని, బిందె కిందపెట్టి, తాపీగా కాళ్లు కడుక్కుంది. ఆమె భర్త పగిడయ్య ఆ బస్సులోనే రావాలి. బస్సు ఇంకా లక్ష్మీనగరంలో ఉందంటే అన్నం ఇప్పుడే వండక్కర్లేదు.

వాళ్ల తూముగూడెం చర్ల దాటి లోపలికి, ఛత్తీస్‌గఢ్ హద్దుకు దగ్గరగా ఉంటుంది. అది 2007వ సంవత్సరం. సెల్‌ఫోన్ సిగ్నల్ చర్లలోనే ఆగిపోయేది. కరెంటు వచ్చినా నిలిచేది కాదు. ముత్తక్క చూపు ఉంది కాబట్టి ఆ లోటు గూడేనికి పెద్దగా తెలియలేదు. తన కళ్ల ముందు ఒక్కసారి గూడెం దాటి వెళ్లిన బండి ఏదైనా, ఎంత దూరం పోయినా ఆమెకు కనబడుతుంది. బండి మొత్తం కాదు, వెనక ఎర్ర లైటు మాత్రమే. పగలైతే బ్రేకు కొట్టినప్పుడు, పొద్దుగూకాక ఎప్పుడైనా. మధ్యలో గుట్టలున్నా, వెదురు పొదలున్నా, గోదావరి ఉన్నా అడ్డం రావు. జంపయ్యకు విరిగిన ఎముక కట్టడం వచ్చు. జంపయ్య తమ్ముడికి తేనెపట్టు ఏ చెట్టుకుందో వాసనతో తెలుస్తుంది. ముత్తక్కకు ఎర్ర లైటు కనబడుతుంది. గూడెం దాన్ని అంతకుమించి పట్టించుకోలేదు.

“ముందు లైట్లు కనబడవా?” అని ఎవరో అడిగితే ఆమె ఒకసారి చెప్పింది. “అయి వచ్చేటోళ్ల లైట్లు. వచ్చేటోళ్లు ఎట్లనన్న వస్తరు. పోయేటోళ్లనే కనిపెట్టుకోని ఉండాలె.”

ఆ చూపుకు ఒక కట్టుబాటు ఉంది. కనబడింది దాచినా, కనబడనిది చెప్పినా కన్ను పోతుంది. ఆ మాట ముత్తక్కకు వాళ్లమ్మ చెప్పింది. అందుకే ముత్తక్క ఎవరి కోసమూ మాట మార్చలేదు. జంపయ్య ట్రాక్టరు చర్లలో కల్లు దుకాణం ముందు నిలబడి ఉందని, జంపయ్య భార్య వింటుండగానే చెప్పేసింది. మర్నాడు జంపయ్య చేపలు పట్టుకొచ్చి బతిమాలాడు.

“చిన్నమ్మా, ఒక్కపారి వాగు కాడ ఉన్నడని అంటె నీదేం పోతది?”

“కన్ను పోతది.”

చేపలు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

చిరంజీవిని పెంచింది ముత్తక్కే. అతను కారు కొన్నప్పటి నుంచి ఆమెకు ఒక అలవాటైంది. రాత్రి కంచం ముందు కూర్చుని ముందు అతని లైటు ఎక్కడుందో చూసుకుంటుంది, ఆ తర్వాతే ముద్ద ఎత్తుతుంది. అతనికి అది కొన్నాళ్లు ముద్దుగా ఉండేది. తర్వాత మెడలో గంట కట్టినట్టు అనిపించసాగింది.

ఖమ్మంలో ఒకసారి కిరాయికి పోయినప్పుడు బస్టాండు ఎదురుగా ఒక కాంట్రాక్టరు కారు చూశాడు. కారు నలుపు, అద్దాలు నలుపు, వెనక లైట్లు కూడా నలుపే. ఆగి ఉన్నప్పుడు ఆ వెనక భాగంలో లైట్లు ఉన్నట్టే లేదు. డ్రైవరు బ్రేకు తొక్కితే మాత్రం నలుపు లోపల నిప్పు రాజుకుని, కాలు తీయగానే మళ్లీ ఆరిపోయింది. చిరంజీవి తన ప్యాసింజర్లను మరిచిపోయి ఆ కారు వెనకే కాసేపు నడిచాడు. అప్పటినుంచి తన కారుకూ అలా చేయించాలని ఉంది. అమ్మమ్మ చేతిలో తిట్లు పడతాయని చేయించలేదు.

క్రాస్‌రోడ్డు దగ్గర క్యాంపు పడింది అంతకుముందు ఎండాకాలంలో. ఇసుక బస్తాలు, ముళ్ల తీగ, ఒక జీపు. ఎదురుగా వీరబాబు హోటల్. క్యాంపు సారు కోస్తా వైపు నుంచి వచ్చిన యువకుడు. ఎవరినీ ఏకవచనంతో పిలవడు. ముత్తక్క సంగతి వీరబాబు హోటల్లో విన్నాడు. అతను కూడా ఆశ్చర్యపోలేదు. వానకు వైర్‌లెస్ సెట్టు మొరాయిస్తున్న రోజులవి.

“మామ్మగారూ, సాయంత్రాలు ఇలా వచ్చి బెంచీ మీద కూర్చోండి. టీ తాగుతూ కబుర్లు చెప్పుకుందాం,” అన్నాడు.

అది పిలుపో, ఉత్తర్వో గూడెంలో అందరికీ తెలుసు. ముత్తక్క రోజూ వెళ్లి కూర్చునేది. అతను అడిగింది చెప్పేది. అడిగినవన్నీ మామూలు సంగతులే. బస్సు ఎక్కడుంది, ట్రాక్టరు ఎక్కడుంది.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం అలాగే అడిగాడు. “చిరంజీవి బండి ఎంతవరకూ వచ్చింది?”

“టేకు తోట కాడ ఆగింది. ఎవలో దిగుతున్నట్టున్నరు.” కాస్త ఆగి, “కదిలింది,” అంది.

టేకు తోట దగ్గర దిగింది పగిడయ్య. పక్క గూడెంలో కామెర్లతో పడి ఉన్న చెల్లెలికి బియ్యం, మందు తీసుకుపోతున్నాడు. చెల్లెలి ఇంటికి చేరలేదు. అడవి లోపలి అన్నలకు బియ్యం మోస్తున్నాడని క్యాంపు మనుషులు పట్టుకున్నారని మర్నాటికి అందరికీ తెలిసింది. కళావతి క్యాంపు గేటు దగ్గరికి వెళ్లి అడిగింది.

“మా దగ్గర ఎవరూ లేరమ్మా,” అన్నాడు సారు, మర్యాదగానే.

అతని వెనక ముళ్ల తీగ మీద నీలం గళ్ల తువ్వాల ఆరేసి ఉంది. దాని అంచు చిరిగితే కుట్టింది కళావతే.

ఆ రోజు ముత్తక్క అన్నం తినలేదు. కానీ సాయంత్రం కాగానే లేచి చీర సర్దుకుంది. చిరంజీవి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

“మళ్ల బెంచీ కాడికేనా?”

“పోకుంటె ఇంటికొస్తరు.”

“పోతె పో. చెప్పకు.”

“కనబడింది దాస్తె—”

“కన్ను పోతది. తెలుసు. పగిడయ్యన్న పోయిండు, నీ కన్ను మాత్రం సల్లగుంది.”

ముత్తక్క చేతిలో కొంగు అంచును మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. అన్నాక చిరంజీవికి ఆ మాట అనకుండా ఉండాల్సిందనిపించింది. వెనక్కి తీసుకోలేక ఇంకో మాట అన్నాడు.

“నేను ఎనక లైట్లు నల్లగ చేపిస్త. నీకు కనబడకుంటె చెప్పేదే ఉండదు. నీ కన్నుకూ ఏం కాదు.”

“ఖమ్మంల చూసిన కారు లెక్కనా?”

“అవ్.”

“షోకు కోసం చేపిస్తున్నవా, సారు కోసమా?”

“రెండిటికీ.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. “మరి నేను నిన్నెట్ల చూసుకోవాలె?”

“అందరి అమ్మమ్మలు ఎట్ల చూసుకుంటున్నరో గట్లనే. చూడకుండ.”

మర్నాడు పొద్దున అతను లేచేసరికి ముత్తక్క కారు వెనక గొంతుకూర్చుని ఉంది. పక్కన చిప్పలో ఇప్పనూనె, అందులో పసుపు. రెండు లైట్లకూ వేళ్లతో దట్టంగా రాస్తోంది, మూలలు కూడా వదలకుండా.

“ఏంది అమ్మమ్మా ఇది?”

“కొత్తబట్ట కట్టేముందు పిల్లగానికైనా నూనె పెడ్తం గద. ఇది కూడ కట్టుకోబోతుంది.”

భద్రాచలంలో ప్రమీలది రేడియం షాపు. నంబర్ ప్లేట్లు, అద్దాల మీద దేవుళ్ల పేర్లు, ఆటోల వెనక పూలతీగలు. భర్త మొదలుపెట్టిన షాపును ఇప్పుడు ఆమె ఒక్కతే నడుపుతోంది. కారు వెనక వంగి చూసి ముక్కు మూసుకుంది.

“ఇప్పనూనె పూసినవా అన్నా? లైట్లను ఏయించుకోని తింటవా?”

“అమ్మమ్మ పూసింది.”

“సబ్బు నీళ్లతోని కడిగి, ఎమిరీ కాగితం పట్టాలె. నూనె మీద రంగు పట్టదు.” ఆమె గరుకు కాగితం తీసింది.

చిరంజీవి ఆమె చెయ్యి పట్టుకోలేదు గానీ అంత పని చేశాడు. “గీకొద్దు చెల్లె. ఇయ్యాల పెట్టిన పసుపు ఇయ్యాల గీకొద్దు.”

“మరెప్పుడు గీకాలె?”

“మా ఆచారంల గీకేదే లేదు. దానంతటది పోవాలె.”

“గట్లయితె రంగు కూడ దానంతటదే పోతది. తర్వాత నన్ను అనొద్దు.”

“పట్టినంత పట్టనియ్యి.”

ప్రమీల తల కొట్టుకుంది. పైపైన పాత గుడ్డతో తుడిచి, చుట్టూ టేపు అతికించి, నల్ల లక్కరు స్ప్రే కొట్టింది. ఒక పూత ఆరాక ఇంకో పూత. జారిపోకుండా మామూలు కంటే మందంగా వేసింది. సాయంత్రానికి లైట్లు కాలిన పెనం రంగుకు వచ్చాయి.

“బ్రేకు తొక్కు,” అంది.

చిరంజీవి తొక్కాడు. ఆమె వెనకకు జరిగి, కళ్లు చికిలించి చూసింది.

“ఎలుతురు బయటికి రానే వస్తలేదు. మందమైంది. ఎనకొచ్చేటోనికి కనబడక గుద్దుతడు.”

“ఎనకొచ్చేటోళ్లకు కనబడొద్దనే.”

తిరిగి వచ్చేటప్పుడు క్రాస్‌రోడ్డు దగ్గర కారు ఆపారు. క్యాంపు సారు టార్చి తెప్పించుకుని కారు వెనక్కి వెళ్లాడు. వేలితో తట్టాడు.

“ఏంటండీ ఇది?”

“స్టైలు సార్. ఖమ్మంల అందరూ చేపిస్తున్నరు.”

“ఇలా మార్చకూడదు. రూల్ ఒప్పుకోదు. తెలుసా?”

“తెలుసు సార్. చలాన్ రాయుండ్రి.”

సారు అతనివైపు చూశాడు.

“రాయుండ్రి సార్. చలాన్ పట్టుకోని భద్రాచలం కోర్టుకు పోయి కడత. జడ్జిగారు ఏ క్యాంపుకెల్లి వచ్చినవని అడిగితె అది కూడ చెప్త.”

హోటల్ లోపల వీరబాబు గ్లాసులు కడగడం ఆపేశాడు. సారు టార్చి ఆర్పాడు. చలాన్ రాయలేదు. “మీ ఇష్టం. గుద్దితే మీ ప్రాణమే,” అన్నాడు.

ఆ రోజు నుంచి ముత్తక్కకు చిరంజీవి కారు కనబడలేదు. బస్సు కనబడేది, జంపయ్య ట్రాక్టరు కనబడేది, కారు మాత్రం గూడెం మలుపు తిరగ్గానే మాయమయ్యేది. సారు ఒకటికి రెండుసార్లు పరీక్షించాడు. కారు చర్ల స్టాండులో ఉందని వైర్‌లెస్‌లో తెలుసుకుని, తెలియనట్టు అడిగాడు.

“కనబడ్త లేదు సారూ. ఆకాశం కింద యాడనో ఉంటడు,” అంది ముత్తక్క.

ఆమె అబద్ధం చెప్పదని అతను అప్పుడు గట్టిగా నమ్మాడు.

ఇంట్లో ముత్తక్క కంచం ముందు కూర్చుని ఊరికే చూసేది. చిరంజీవి ఎంత పొద్దుపోయి వచ్చినా అన్నం అలాగే ఉండేది.

“తినరాదే అమ్మమ్మా.”

“నువ్వు యాడున్నవో తెలువకుంటె ముద్ద దిగుత లేదు.”

అతను గిన్నె మూత తీసి ఆమెకు వడ్డించేవాడు. మాట వెనక్కి తీసుకోవాలని ఉండేది. లైట్ల నలుపు చూస్తే మాత్రం తీసుకోబుద్ధయ్యేది కాదు. ఆ కారు వెనక భాగం ఎవరికీ జవాబు చెప్పనట్టు ఉండేది. అతనికి అది నచ్చింది.

పగిడయ్య కబురు లేదు. తువ్వాల తీగ మీద నుంచి ఎవరో తీసేశారు. కళావతి భద్రాచలంలో ఒక వకీలుకు కబురు పంపింది. వకీలు చెప్పింది ఒకటే: నువ్వు స్వయంగా వచ్చి, జడ్జి ముందు నిలబడి, నా భర్త ఫలానా క్యాంపులో ఉన్నాడని చెప్పాలి. శుక్రవారం పొద్దున రా. ఆ తర్వాత కోర్టుకు వరుస సెలవులు.

రెండుసార్లు బస్సెక్కింది. రెండుసార్లూ క్రాస్‌రోడ్డు దగ్గర దింపేశారు. “ఎక్కడికమ్మా ఈ వానల్లో? ఇంటికెళ్లండి,” అన్నాడు సారు.

గురువారం సాయంత్రం ఆమె చిరంజీవి ఇంటికి వచ్చి వాకిట్లోనే నిలబడింది.

“మరిదీ, సెలవులు అయ్యేదాక ఆగితె, నీ అన్న ఏ వాగు ఒడ్డుకో దొరికిండని పేపర్ల వస్తది. నాలుగు లైన్లు. గంతే.”

చిరంజీవి తాళంచెవి అందుకున్నాడు.

గూడెం నుంచి మెయిన్ రోడ్డుకు క్యాంపు ముందు నుంచి కాకుండా బండ్ల బాటలు రెండున్నాయి. ఒకటి టేకు తోట మీదుగా గుట్ట ఎక్కి దిగుతుంది. ఒకటి వాగు దాటి వెదురులోంచి పోతుంది. క్యాంపుకు ఉన్నది ఒక్కటే జీపు. రెండు బాటల మీదా కాపు కాయలేదు.

“ఏ బాట?” అంది కళావతి.

“వాగు బాట. పైన వాన పడుతుంది, వాగు లేస్తది. ఈ యాళ్లల ఎవడు దిగడనుకుంటరు.”

పడమటి వైపు ఆకాశం నల్లబడింది. గాలి లేచి దుమ్ము తిరుగుతోంది, చినుకు ఇంకా పడలేదు. ముత్తక్క చూరు కింద నుంచి లేచి వచ్చింది. కళావతి ముందు సీట్లో కూర్చుని, “పోయొస్త పెద్దమ్మా,” అంది. ముత్తక్క తల ఊపి కారు వెనక్కి నడిచింది. చిరంజీవికి అద్దంలో ఆమె వంగడం కనిపించింది. బంపరుకు దండం పెడుతోందనుకున్నాడు. ప్రయాణానికి ముందు ఆమె అలా చేయడం కొత్త కాదు. అటు మూల, తర్వాత ఇటు మూల, చాలాసేపు వంగే ఉంది.

“అమ్మమ్మా, జల్దీ!”

ఆమె లేచి, కారు వీపు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టింది. పొమ్మని ఎద్దుకు చెప్పినట్టు. కారు కదిలింది. ఆమె పిడికిలి కొంగులో దాచుకుని నిలబడి ఉంది. కారు చివరి ఇల్లు దాటిందో లేదో, కంకర విసిరినట్టు వాన అందుకుంది.

వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు బండను ముంచాయి. చిరంజీవి దించాడు. సగం దాకా బాగానే పోయింది. అవతలి ఒడ్డు ఎక్కుతుండగా ఇంజను దగ్గి ఆగిపోయింది. కారు వెనక్కి జారకుండా బ్రేకు మీద కాలు నొక్కిపెట్టాడు. తాళం ఎంతసేపటి నుంచి తిప్పుతున్నా గొణుగుతోందే గాని అందుకోవట్లేదు. నీళ్లు తలుపు కింద తడుముతున్నాయి.

కళావతి వెనక్కి తిరిగి చూసింది.

“మరిదీ, వాగు ఎర్రగుంది.”

“కొత్తనీళ్లు వదినె. పైన పడ్డ వానకు మట్టి కొట్టుకొస్తది.”

“అంతెరుపా?”

“ఎనక్కి చూడకు. భయమైతది.”

ఆమె ముందుకు తిరిగింది. అప్పుడే దూరంగా, టేకు తోట గుట్ట మీద, వానలో రెండు తెల్లటి లైట్లు కనిపించాయి. అటు బాటలో ఉన్నది క్యాంపు జీపు తప్ప వేరేది కాదు. లైట్లు గుట్ట నెత్తికి ఎక్కాయి, అక్కడ కాసేపు నిలిచాయి, అవతలి వైపుకు దిగిపోయాయి.

“అటు పోయిండ్రు,” అంది కళావతి నెమ్మదిగా. నవ్వలేదు. రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద ఆనించి, కారును తనే తోస్తున్నట్టు ముందుకు వంగింది. చిరంజీవి మళ్లీ తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది.

ఆ సమయానికి క్రాస్‌రోడ్డులో జరిగింది వీరబాబు తర్వాత చెప్పాడు. అతను చెప్పినదాని ప్రకారం, ముత్తక్క తడిసి ముద్దై వచ్చి రోజూ కూర్చునే బెంచీ మీదే కూర్చుంది. సారు రెయిన్‌కోటు వేసుకుంటూ బయటికి వచ్చాడు. జీపు ఇంజను అప్పటికే నడుస్తోంది.

“మామ్మగారూ, చిరంజీవి బండి గూడెంలో లేదు. కళావతి ఇంట్లో లేరు. ఏ బాట పట్టారు?”

“నాకేం కనబడ్తది సారూ? నల్లగ చేపిచ్చిండు గద.”

“ఒక్కసారి సరిగ్గా చూడండి.”

ముత్తక్క చూసింది. టేకు తోట వైపు ఎంతసేపు చూసిందో వాగు వైపూ అంతేసేపు చూసింది. ఎక్కడా ఎక్కువ ఆగలేదు. తర్వాత టీ గ్లాసు వైపు చూసింది.

“రెండు దిక్కుల చీకటే.”

“అబద్ధం చెబితే కన్ను పోతుందంటారు కదా మామ్మగారూ?”

“అవ్ సారూ. పోతది.”

సారు ఒక క్షణం ఆలోచించాడు. “వాగు పొంగింది. టేకు బాటే,” అని జీపెక్కాడు. ముత్తక్క అతను ఇప్పించిన టీ ముట్టలేదు. జీపు పోయాక కూడా అలాగే కూర్చుంది. కాసేపటికి పెద్దగా ఊపిరి వదిలి, “ఎక్కింది,” అందట. ఏం ఎక్కిందని వీరబాబు అడిగితే, “చలి,” అని లేచి వానలోనే ఇంటికి పోయింది.

శుక్రవారం పొద్దున కళావతి జడ్జి ముందు నిలబడి, పేరు, గూడెం, క్యాంపు, తువ్వాల, అన్నీ చెప్పింది. మధ్యలో వకీలు అందుకోబోతే, “నేను చెప్పుకుంట,” అంది. జడ్జి కాగితం రాయించాడు. ఆ సాయంత్రమే పగిడయ్యను తెచ్చి నిలబెట్టారు. ఆ పొద్దునే అడవిలో దొరికాడని పోలీసులు చెప్పారు. జడ్జి అతని పాదాలు చూసి దవాఖానాకు పంపమన్నాడు. బెయిలు సెలవుల తర్వాత వచ్చింది. జిల్లా పేపరు లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. పగిడయ్య పేరు తప్పు పడింది.

కోర్టు బయట కారు తుడుస్తూ చిరంజీవి వెనక లైట్లు ఎర్రగా ఉండటం చూశాడు. నలుపు పోయింది. వాగు తినేసిందనుకున్నాడు.

పగిడయ్యను అతనే కారులో గూడేనికి తెచ్చాడు. క్రాస్‌రోడ్డు దగ్గర ఎవరూ ఆపలేదు. బెంచీ ఖాళీగా ఉంది. ముత్తక్క ఇప్పుడు అక్కడికి పోవడం లేదు. ఆ గురువారం తర్వాత ఆమెకు ఏ బండీ కనబడటం లేదని సారుతో చెప్పింది. సారు బస్సుతో పరీక్షించాడు. దుమ్ముగూడెంలో ఉందో చర్లలో ఉందో చెప్పలేకపోయింది. కొన్నాళ్లు చూసి అతను పిలవడం మానేశాడు. గూడెంలో ఆడవాళ్లు అడిగినా అదే జవాబు. ఇప్పుడు వాళ్లు కూడా అన్ని ఊళ్లవాళ్లలాగే రోడ్డు మీదికి వచ్చి నిలబడి ఎదురుచూస్తున్నారు. జంపయ్య ఎవరూ అడగకుండానే చేపలు తెచ్చి ఇచ్చాడు. ముసలితనం, అన్నారు అందరూ. చిరంజీవి కూడా అదే అనుకున్నాడు. అతనికి వింతగా తోచింది ఒక్కటే. కంచం ముందు కూర్చోగానే ఆమె ఇప్పుడు తినేస్తోంది, కడుపునిండా, ఎటూ చూడకుండా.

“అమ్మమ్మా, లైట్లు మళ్ల నల్లగ చేపిస్త,” అన్నాడు. “క్యాంపు ఇంక ఈడనే ఉంది గద.”

“చేపిచ్చుకో. నాకు ఇప్పుడు ఏ రంగైనా ఒకటే.”

భద్రాచలంలో ప్రమీల కారు వెనక మోకాళ్ల మీద కూర్చుని రెండు లైట్లూ తడిమింది. ఎడమవైపు దాని అంచు దగ్గర ఆగింది.

“ఎవరు పీకిండ్రన్నా దీన్ని?”

“ఎవలు పీకలె. వాగుల పోయింది.”

“వాగుల పోతె పెచ్చులుగ పోతది. మూలలకు మిగుల్తది. ఇది సాఫ్‌గ పోయింది, తోలు వలిచినట్టు. నూనె మీద ఏసిన రంగు, అంచున గోరు పెట్టి గుంజితె గిట్లనే ఒక్క ముక్కగ వస్తది. అది కూడ పొడిగున్నప్పుడే. వాన తాకినంక రాదు.” ఆమె జరిగి చోటిచ్చింది. “ఇగో, గీత చూడు.”

చిరంజీవి వంగి చూశాడు. రెండు లైట్ల అంచులకూ సన్నటి గోటి గీతలున్నాయి. వాటిలో పసుపు ఇంకా ఉంది. ఆ గురువారం వాన మొదలైంది కారు గూడెం చివరి ఇల్లు దాటాక. అంటే వాగు బాట పొడుగునా వెనక లైట్లు రెండూ ఎర్రగానే వెలిగాయి.